రెండు పెన్నులు, ఒకే బోరు నీరు: చవక సెన్సార్లను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: అయ్యా, మాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం. సముద్రానికి దగ్గరలో రెండెకరాల పల్లం, ఎకరం మెరక ఉంది. ఖరీఫ్‌లో వరి, రబీలో బోరు కింద మొక్కజొన్న వేస్తాం. మా పొలానికి ఆనుకుని కొన్నేళ్లుగా రొయ్యల చెరువులు నడుస్తున్నాయి. గత రెండు పంటకాలాలుగా మొక్కజొన్న ఆకుల కొనలు మాడుతున్నాయి, కాలువ గట్ల మీద తెల్లటి పొర కడుతోంది. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ పెన్ను తెప్పించి బోరు నీళ్లలో పెడితే 1,120 చూపింది. పక్క రైతు పెన్ను అదే బకెట్‌లో 1,570 చూపింది. ఏది నమ్మాలి? పీహెచ్, టర్బిడిటీ, ఉష్ణోగ్రత, గాలిలో తేమ అన్నీ ఫోన్‌లో చూపించే సెన్సార్ల కిట్టు ఒకటుంది, కొందామంటున్నాడు. దాంతో నీళ్లలో పురుగుమందులు కలిశాయో లేదో తెలుస్తుందా? మేం తాగేదీ, ఆవులు తాగేదీ ఆ బోరు నీళ్లే. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బకెట్ సంగతి తేల్చుకుందాం. మీ రెండు పెన్నులూ ఒకే మాట చెబుతున్నాయి. పెన్ను అడుగున కనిపించే రెండు చిన్న లోహపు పుల్లల మధ్య కొద్దిపాటి కరెంటు పంపి, నీళ్లలోంచి అది ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది. నీటిలో లవణాలు ఎక్కువైతే కరెంటు తేలిగ్గా పారుతుంది. ఇదే విద్యుత్ వాహకత, మనం ఈసీ అంటాం. పెన్ను నిజంగా కొలిచేది ఈసీనే. ఆ అంకెను కొన్ని కంపెనీలు 0.5తో, కొన్ని 0.7తో గుణించి పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) అని చూపిస్తాయి. మీ 1,120ని 0.5తో భాగించండి, 2,240 వస్తుంది. పక్కాయన 1,570ని 0.7తో భాగించండి, అదీ దాదాపు 2,240 దగ్గరే ఆగుతుంది. అంటే మీ బోరు నీటి ఈసీ సెంటీమీటరుకు సుమారు 2,240 మైక్రోసైమన్స్. ల్యాబ్ రిపోర్టులో దీన్నే మీటరుకు 2.24 డెసీసైమన్స్ అని రాస్తారు. చాలా పెన్నుల్లో బటన్ నొక్కితే ఈసీ మోడ్ వస్తుంది. ఇక మీదట మీరిద్దరూ పీపీఎం వదిలేసి ఈసీలోనే మాట్లాడుకోండి. ఊళ్లో సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రెండు పెన్నులూ కలిశాయి కదా అని ఊరుకోవద్దు, రెండూ ఒకేలా తప్పు చూపించవచ్చు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బా తెచ్చి, బంగారం కొట్లో తూకం వేయించిన 5 గ్రాముల ఉప్పు అందులో పూర్తిగా కరిగించండి. ఆ నీటి ఈసీ 2,000 మైక్రోసైమన్స్‌కు అటూ ఇటూగా రావాలి. 1,900 నుంచి 2,100 లోపు చూపితే మీ పెన్ను పొలం పనికి చాలు. 1,600 అనో 2,500 అనో చూపితే దాని మాట మీద నిర్ణయాలు తీసుకోవద్దు. 1,413 మైక్రోసైమన్స్ అని రాసి ఉండే ప్రామాణిక ద్రావణం ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, అవైతే ఇంకా మంచిది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఈసీ సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి ఎండలో కాగిన పైపు నీటిని కొలవకండి. బకెట్‌లో పట్టి నీడలో కాసేపు ఉంచి చూడండి.

ఇప్పుడు 2.24 అంటే మీ పంటకు ఏమిటో చూద్దాం. మొక్కజొన్న ఈ విషయంలో సున్నితమైన పంట. సాగునీటి ఈసీ 1.1 వరకు దిగుబడి తగ్గదు. 1.7 దగ్గర పదో వంతు, 2.5 దగ్గర పావు వంతు పోతుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికలు చెబుతున్నాయి. ఆ లెక్కన మీకు సుమారు ఐదో వంతు పోతోంది. ఆకుల కొనలు మాడటం, గట్ల మీద తెల్లపొర రెండూ దీనికి సరిపోతున్నాయి. వేరుశనగ 2.1 వరకు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత దాని దిగుబడి చాలా వేగంగా పడిపోతుంది. జొన్న 4.5 వరకు తట్టుకుంటుంది. వరికి 2.0 వరకు ఫరవాలేదు, పైగా ఖరీఫ్‌లో వాన నీరు కలుస్తుంది కాబట్టి మీ పల్లంలో వరికి అంత భయం లేదు. కాకపోతే నారు దశలో, పూత దశలో వరి ఉప్పుకు తట్టుకోలేదు. నారుమడికి మాత్రం బోరు నీరు పెట్టకండి, ఊరి చెరువు నీరో వాన నీరో చూసుకోండి.

మీరు అడిగిన అసలు ప్రశ్న పురుగుమందుల గురించి. పెన్నుతోగానీ ఆ కిట్టుతోగానీ అవి తెలియవు. ధాన్యం బస్తాను కాటా మీద పెడితే బరువు తెలుస్తుంది తప్ప లోపల తాలు ఎంతుందో తెలియదు, ఇదీ అంతే. తాగునీటిలో మోనోక్రోటోఫాస్‌కు మన భారతీయ ప్రమాణం విధించిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. మీ నీటిలో కరిగిన లవణాలే లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములకు పైన ఉన్నాయి. హద్దుకు పది రెట్లు మందు కలిసినా పెన్ను మీద ఒక్క అంకె కూడా కదలదు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, మలం ద్వారా వచ్చే క్రిముల విషయంలోనూ ఇంతే. పెన్ను 200 చూపించింది కదా అని నిశ్చింతగా తాగే నీటిలో క్రిములు ఉండవచ్చు. ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పక్క జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో కుటుంబాలకు కుటుంబాలే నలిగిపోయాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా దానికి ఇదే కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. అంత చిక్కుముడి ఉన్న చోట ఇంట్లో టీడీఎస్ తక్కువ చూపిందని ధైర్యపడటం, ఎక్కువ చూపిందని హడలిపోవడం రెండూ తగవు.

తాగునీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. ఆ లెక్కన మీ నీరు హద్దు దాటలేదు, కానీ రోజూ తాగడానికి మంచిది కాదు. పైగా ఎరువులు వేసే పొలం మధ్య బోరు కాబట్టి నైట్రేట్ తప్పనిసరిగా చూపించాలి. దాని హద్దు 45 మిల్లీగ్రాములు. నైట్రేట్ ఎక్కువైతే ముందు దెబ్బతినేది పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలు. ఊళ్లో జల జీవన్ మిషన్ కింద ఇచ్చిన పరీక్ష కిట్టు ఉంటుంది, పంచాయతీలో అడగండి. క్రిముల కోసం హెచ్2ఎస్ సీసా అని ఉంటుంది. అందులో గీత వరకు నీరు పోసి ఇంట్లో ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీరు కాచకుండా తాగకూడదు. నన్నడిగితే చిన్నపిల్లలున్న ఇంటికి తక్కిన అన్ని సెన్సార్ల కన్నా ఆ సీసా ముఖ్యం. రిపోర్టు వచ్చేదాకా మీరు పంచాయతీ కుళాయి నీరే తాగండి.

ఉప్పు వరకైతే ఆవుల గురించి బెంగ వద్దు. ఈసీ 5 వరకు ఉన్న నీటిని పశువులు తాగగలవు. అలవాటు లేని పశువుకు కొన్ని రోజులు పలచగా పేడ పడవచ్చు, అంతకు మించి ఏమీ కాదు.

కిట్టు విషయానికి వద్దాం. అందులో ఉండే సెన్సార్లన్నీ ఒక్క నాణ్యత కావు. ఉష్ణోగ్రత సెన్సార్ బాగా పనిచేస్తుంది. స్టీలు గొట్టంలో ఉండి నీటిలో మునిగేదైతే అర డిగ్రీ తేడాలో చూపిస్తుంది, సంవత్సరాలు మన్నుతుంది. టర్బిడిటీ సెన్సార్, అంటే నీళ్లు ఎంత మడ్డిగా ఉన్నాయో చూసేది, చవక కిట్లలో ఎక్కువగా వాషింగ్ మెషీన్ల కోసం తయారైన రకం. ఎండ వెలుగు తగిలితే తప్పు చూపిస్తుంది, వైర్లు ఉన్న పైభాగం నీళ్లలో మునిగితే పాడవుతుంది. గెడ్డ నీరు తోడుకునే వాళ్లకు వాన తర్వాత కొంత ఉపయోగం, మీ బోరుకు దాంతో పనే లేదు. గాలిలో తేమ చూపే చిన్న నీలం రంగు డబ్బా సెన్సార్ 90 శాతం వరకే కొలుస్తుంది, అదీ 5 శాతం తేడాతో. వరిలో అగ్గితెగులు భయం మొదలయ్యేదే తేమ 90 దాటిన రాత్రుల్లో. కావాలంటే తెల్లడబ్బా రకం తీసుకుని, ఎండ తగలకుండా గాలి ఆడేలా పైరు ఎత్తులో కట్టండి.

పీహెచ్ సెన్సార్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం చూసేది, కాస్త సంరక్షణ కోరుతుంది. దాని కొనన ఉండే పలచటి గాజు బుడగ ఎండిపోకూడదు, వట్టి డిస్టిల్డ్ నీటిలో నానబెట్టకూడదు. దాని మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోసి ఉంచాలి. వారానికోసారి పీహెచ్ 7 బఫర్‌లోనూ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం), 4 లేదా 9.2 బఫర్‌లోనూ పెట్టి సరిచూసుకోవాలి. బాగా చూసుకున్నా ఒకటి రెండేళ్లకు మార్చాల్సిందే. ఇంకొక సంగతి, పీహెచ్ సెన్సార్‌నూ ఈసీ సెన్సార్‌నూ ఒకే బకెట్‌లో పెట్టి రెండూ ఒకేసారి నడిపితే ఈసీ సెన్సార్ వదిలే కరెంటు పీహెచ్ అంకెను చెడగొడుతుంది. అంకెలు గెంతులు వేస్తుంటే నీరు చెడిందని కంగారు పడకుండా ముందు ఒకదాన్ని పైకి తీసి చూడండి. శాశ్వతంగా నీళ్లలో వదిలేస్తే పాచి పట్టి రెండు వారాల్లోనే ఏ సెన్సార్ అయినా దారి తప్పుతుంది. మీ అబ్బాయికి ఇలాంటి పనుల మీద ఇష్టం ఉంటే కొననివ్వండి, పిల్లవాడు నేర్చుకుంటాడు. పంట కోసమే అయితే ఇప్పుడున్న పెన్ను, ప్రామాణిక ద్రావణం, ఒక నోటుపుస్తకం చాలు.

ఎందుకంటే చవక సెన్సార్ బలం రోజూ, గంటగంటకూ చూసుకోగలగడంలో ఉంది. ల్యాబ్ ఒక్క రోజు నీటిని చూస్తుంది, మీ పెన్ను సంవత్సరం పొడవునా చూడగలదు. ఉప్పు ఎటునుంచి వస్తోందో పట్టుకోవడానికి ఇదే దారి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ జలం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలుస్తుందని లెక్క. ఆ ఒక్క మీటరు తోడేస్తే కింది ఉప్పునీరు ఎంత పైకి రాగలదో ఊహించుకోండి. కాబట్టి మోటారు వేసిన వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, గంటకు ఒకసారి ఈసీ రాయండి. తోడేకొద్దీ పెరుగుతుంటే కిందినుంచి ఉప్పునీరు లాగుతున్నారన్నమాట. అప్పుడు తక్కువ హార్స్‌పవర్ మోటారుతో, మధ్యమధ్య ఆపుతూ తోడటం మంచిది. గంటంతా ఒకేలా ఉండి, రొయ్యల చెరువులకు దగ్గర బోర్లలో ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ చూపితే, చెరువులు నింపిన కొన్ని వారాల తర్వాత పెరుగుతుంటే ఊట మీద అనుమానపడాలి. వానలు పడ్డాక ఎంత తగ్గిందో, మే నెలలో ఎంత పెరిగిందో కూడా రాసుకోండి.

చెరువు వదిలిన నీటిని నేరుగా కొలవాలంటే మీ పెన్ను చాలదు, చాలా పెన్నులు 9,990 దగ్గరే ఆగిపోతాయి. 15 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 15 గ్రాముల ఉప్పదనం ఉన్న రొయ్యల చెరువు నీటి ఈసీ 25,000 దగ్గర ఉంటుంది. ఒక గ్లాసు ఆ నీటికి తొమ్మిది గ్లాసుల డిస్టిల్డ్ నీరు కలిపి కొలిచి, వచ్చిన అంకెను పదితో గుణించండి, సుమారుగా తెలుస్తుంది. రొయ్యల రైతుతో తగాదాకు దిగేముందు ఈ పుస్తకం ఆయనకే చూపించండి. మీ రెండు పొలాల మధ్య లోతైన కాలువ తవ్వి ఊట నీటిని మళ్లిస్తే చాలాసార్లు సమస్య తగ్గుతుంది. మాట వినకపోతే మత్స్యశాఖకు అర్జీ పెట్టండి. 2005 తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ప్రకారం తీరంలో రొయ్యల చెరువులకు రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. అయితే అధికారుల ముందు నిలబడేది ల్యాబ్ రిపోర్టు, మీ పుస్తకం దానికి తోడు మాత్రమే.

ఈ రబీకి మెరకలో మొక్కజొన్నే వేయాలనుకుంటే ఊరి చెరువు నీరు కలుపుకోండి. చెరువు నీటి ఈసీ 0.4 ఉందనుకుంటే సగం సగం కలిపితే 1.3కి దిగుతుంది. నష్టం చాలావరకు తప్పుతుంది. బోదెల మీద విత్తేటప్పుడు శిఖరాన కాకుండా పక్క వాలులో, సగం ఎత్తులో విత్తండి, ఉప్పంతా శిఖరానికే చేరుతుంది. తడులు దగ్గర దగ్గరగా ఇవ్వండి. చెరువు నీరు దొరకదంటే మొక్కజొన్న మానేసి జొన్న వైపు వెళ్లండి. జిప్సం మాత్రం ఎవరో చెప్పారని కొనకండి. నీటిలో సోడియం, కార్బొనేట్ల పాలు ఎక్కువుంటేనే అది పనిచేస్తుంది, ఆ సంగతి పెన్ను చెప్పదు.

అందుకే ఒక్కసారి ల్యాబ్‌కు పంపండి. మోటారు పావుగంట నడిచాక, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి మూత బిగించండి. బోరు లోతు, తేదీ, పంట రాసి అతికించి, మర్నాటికల్లా చేరేలా రైతు సేవా కేంద్రం ద్వారా భూసార పరీక్షా కేంద్రానికి గానీ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ ఇవ్వండి. ఈసీ, పీహెచ్, ఎస్‌ఏఆర్ (సోడియం పాలు), ఆర్‌ఎస్‌సీ (మిగులు కార్బొనేట్లు) నాలుగూ కావాలని అడగండి. తాగునీటి నమూనా వేరే సీసాలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు వెళ్లాలి, అక్కడ నైట్రేట్, ఫ్లోరైడ్ చూడమని చెప్పండి. క్రిముల పరీక్షకు సీసా వాళ్లే శుద్ధిచేసి ఇస్తారు, ఇంట్లోది వాడవద్దు. ఆర్‌ఎస్‌సీ 2.5 దాటిందని రిపోర్టు వస్తే, ఆ కాగితం ఫొటోతో మళ్లీ రాయండి, ఎకరానికి జిప్సం ఎంత వేయాలో లెక్క కట్టి చెబుతాను.