కార్పస్ ఫండ్ ఎఫ్‌డీలోనే ఉంచాలా, వాన నీటి పనులకు తీయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ కోశాధికారిని. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని దాచిన ఉమ్మడి నిధి) 18 లక్షలు 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీలో ఉంది. నిరుడు ట్యాంకర్లకే 6.3 లక్షలైంది. 2020 అక్టోబరు వానకు సెల్లార్ మునిగి లిఫ్టు, ప్యానెల్ బోర్డు, మోటార్ల రిపేర్లకు 4 లక్షలు వదిలాయి. ఇప్పుడు వాన నీటి ఫిల్టరు, ఇంకుడు గుంతకు 2 లక్షలు, ఫ్లాట్లకు నీటి మీటర్లు పెట్టడానికి 3 లక్షలు, సెల్లార్ మళ్లీ మునిగి నష్టం రాకుండా చేసే పనులకు 2.5 లక్షలు ఎస్టిమేట్ ఇచ్చారు. సగం మంది ‘ఎఫ్‌డీ కదపొద్దు, 3.5 లక్షల్లో ఇంకో బోరు వేయిద్దాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన కాగితాల్లో అన్నిటికన్నా ముందు వాచ్‌మన్ రాసిన ట్యాంకర్ల పుస్తకం చదివాను. ఏడాదికి 700 ట్యాంకర్లు. ఒక్కోటి 5,000 లీటర్లు, 900 రూపాయలు. మే పేజీల్లో రోజుకు నాలుగేసి ఉన్నాయి, అది ఊహించిందే. ఆగస్టు పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. జూన్ నుంచి అక్టోబరు దాకా కూడితే 190 ట్యాంకర్లు! డాబా మీద పడ్డ నీళ్లను మోరీలోకి వదిలేసి, వానాకాలంలోనే నీళ్లు కొన్నారు.

మీ డాబా 10,000 చదరపు అడుగులు, అంటే సుమారు 929 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. ఆవిరీ, తొలి వాన మురికీ పోగా 80 శాతం పట్టుకున్నా దాదాపు 5.9 లక్షల లీటర్లు, సుమారు 119 ట్యాంకర్లు. ఇదంతా మిగులే అనుకోవద్దు. వాన ఒక్కసారిగా దంచేస్తుంది, మీ సంపు 50 వేల లీటర్లకే నిండిపోతుంది. అందుకే నేను సగమే, 60 ట్యాంకర్లే లెక్కలోకి తీసుకుంటున్నాను. ఆ నీళ్లు కూడా ఫ్లష్‌కీ, కడగడానికే.

సంపు నిండాక పొర్లేది ఇంకుడు గుంతలోకి వెళ్తుంది. గుంత తప్పకుండా తవ్వించండి. కానీ అందులోకి దిగిన నీళ్లు వేసవిలో మీ బోరులోనే తేలతాయన్న హామీ లేదు. మనది గ్రానైట్ నేల. నీళ్లు రాతి పగుళ్ల వెంట పోతాయి, పక్కవాళ్ల బోరూ అదే పగులు నుంచి లాగొచ్చు. అందుకే దాని నుంచి రూపాయి ఆదాయం కూడా వేయలేదు. కొత్త బోరు మీద నాకు నమ్మకం లేకపోవడానికీ కారణం ఇదే. నీళ్లు పడకపోతే 3.5 లక్షలూ మట్టిలో కలిసినట్టే.

ఇక ఎఫ్‌డీతో పోలిక. ఫిల్టరు, గుంత, మీటర్లు కలిపి 5 లక్షలు. ఈ సొమ్ము పదేళ్లలో 7 శాతం వడ్డీతో సహా తిరిగి రావాలంటే ఏడాదికి 71 వేలు మిగలాలి. ఫిల్టర్ శుభ్రం చేయించడానికి, మీటర్ల మరమ్మతుకు 30 వేలు కలపండి. 1.01 లక్షలు, అంటే 113 ట్యాంకర్లు. 60 డాబా ఇస్తుంది. మిగతా 53 మీటర్ల వల్ల తగ్గాలి. 13 ట్యాంకర్లు వాడేచోట 12 వాడితే చాలు. ఎవరి వాడకానికి వాళ్లే కడుతున్నప్పుడు కారే కుళాయిని ఎవరూ వదిలేయరు. ఆపైన తగ్గే ప్రతి ట్యాంకరూ ఎఫ్‌డీ కన్నా మిగులే. అదీగాక సభ్యుల సొమ్మే కదా, పన్ను ఉండదనుకుంటారు చాలామంది. బ్యాంకు వడ్డీకి ఆ సూత్రం వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి ఎంత మిగులుతుందో మీ ఆడిటర్‌ని అడగండి. ఆదా అయిన ట్యాంకరు డబ్బుకు పన్ను లేదు.

సెల్లార్ పనులను ఇదే గాటన కట్టకండి. వాటితో ఒక్క ట్యాంకరూ తగ్గదు. 2.5 లక్షలకు ఏడాదికి దాదాపు 36 వేలు రావాలి. పదేళ్లకోసారి 4 లక్షల నష్టం తప్పితే ఏడాదికి 40 వేలు. డబ్బు లెక్కలో బొటాబొటీగా సరిపోతుంది. అయినా చేయించమనే అంటాను. ఆ అక్టోబరులో బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. మా సెల్లార్ గోడ మీద బురద గీత ఇప్పటికీ నా నడుము ఎత్తున ఉంది. మూడు రోజులు కరెంటు లేదు, మోటారు లేదు. ఐదో అంతస్తులో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు నేనే బిందెతో నీళ్లు మోశాను. ఆ మూడు రోజులను ఏ ఎస్టిమేట్‌లోనూ రాయలేం.

1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వరదనూ ఆపాయి, ఊరికి తాగునీరూ ఇచ్చాయి. ఎక్కువైన నీళ్లనూ, చాలని నీళ్లనూ కలిపి ఆలోచించడం ఈ ఊరికి కొత్త కాదు.

కాబట్టి 5 లక్షలు కార్పస్ నుంచి తీయండి. 13 లక్షలు లిఫ్టు, పెయింటింగ్ లాంటి వాటికి ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. సెల్లార్‌కు ఫ్లాటుకు 6,250 చొప్పున రెండు వాయిదాల్లో వసూలు చేయండి. ముందు ప్యానెల్ బోర్డును మీ సెల్లార్‌లో అప్పుడు నీళ్లు చేరిన ఎత్తుకు పైన బిగించండి, ర్యాంప్ గట్టు తర్వాత. ఫిల్టరు పని జూన్‌లోపు అయిపోవాలి. మీటర్లు పెట్టిన రోజే వాచ్‌మన్‌కు కొత్త పుస్తకం ఇప్పించండి. ఏడాది తిరిగేసరికి 113 తగ్గాయో లేదో అందులో చూసి నాకు రాయండి.