వాగులో మెత్తబడని ఆకు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి వాణికి ఆశీస్సులు.

శిలీంధ్రనాశకాల వల్ల అడవి వాగులకు కలిగే నష్టం గురించి నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీ ఆవేదన నిజమైనదే. అయితే మొదటి పేజీ నిండా విషం, వినాశనం అనే మాటలే కనిపించాయి గానీ ఆకు ఒక్కచోట కూడా కనిపించలేదు. ఇది ఆకు కథ కాబట్టి దానితోనే మొదలుపెట్టు.

దట్టమైన చెట్ల నీడన పారే చిన్న వాగులో ఎండ సరిగా పడదు, నాచు అంతగా పెరగదు. అక్కడి ప్రాణులకు తిండి చాలావరకు గట్టున రాలే ఆకుల నుంచే అందాలి. నీటిలో పడిన ఆకు తొలి ఒకటి రెండు రోజుల్లో తనలోని కరిగే పదార్థాలను వదిలేస్తుంది. ఆ తరువాత దానిమీద నీటి బూజులు స్థిరపడతాయి. ఇంగ్లండులో సి.టి. ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త 1942లో వాగులో కుళ్లుతున్న ఆల్డర్ చెట్టు ఆకుల మీద పెరిగే ఈ శిలీంధ్రాలను వివరించారు. వీటిలో చాలావాటి సిద్ధబీజాలు నాలుగు చేతులు చాచినట్టుంటాయి. పారే నీటిలో కొట్టుకుపోకుండా ఆకును పట్టుకోవడానికి ఆ ఆకారం పనికొస్తుంది. వాగు మలుపులో నిలిచిన నురగ నుంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అవి కనిపిస్తాయి. వీలైతే ఒకసారి చూసి, చూసింది చూసినట్టు రాయి.

బూజు పోగులు ఆకులోకి చొచ్చుకుపోయి, గట్టి కణజాలాన్ని మెత్తబరచి, నీటిలోని నత్రజనిని తమలో కలుపుకొని ఆకుకు మాంసకృత్తుల బలం చేకూరుస్తాయి. యూరప్ వాగుల్లో గమారస్ అనే చిన్న జీవి ఉంటుంది. రొయ్యకు దూరపు చుట్టం, వంగిన వీపుతో పక్కకు ఒరిగి ఈదుతుంది. బూజు పట్టిన ఆకునూ పట్టని ఆకునూ దాని ముందు పెడితే అది పట్టినదాని వైపే మొగ్గుతుంది. అది కొరికి వదిలిన తునకలు దిగువన నీటిని వడగట్టి తినే పురుగులకు ఆహారమవుతాయి. ఈ వరుసను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నా దృష్టిలో వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఇక మందు సంగతి. నువ్వు ఎంచుకున్న జర్మనీలోని పాలటినేట్ సీమలో, కొండ అడవిలో పుట్టిన వాగులు ద్రాక్షతోటల మధ్యకు దిగుతాయి. బూడిద తెగులు వంటి వాటికి తోటల్లో పలుమార్లు మందు కొడతారు, వాన పడితే అందులో కొంత వాగుకు చేరుతుంది. ఆ మందుల్లో టెబుకొనజోల్ అనేది శిలీంధ్రాల కణత్వచానికి అవసరమైన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం తయారీని అడ్డుకుంటుంది. అజాక్సీస్ట్రోబిన్ అనే మరో మందు వాటి శ్వాసక్రియను దెబ్బతీస్తుంది. మందులు దెబ్బకొట్టే ఈ రెండు పనులూ నీటి బూజులకూ ప్రాణాధారమే. మన మిరప రైతులు తెగులు మందు అని కొనే వాటిలో ఇవీ ఉన్నాయి. అలాగని జర్మనీ ఫలితాలను మన వాగులకు అంటగట్టకు. ఇక్కడ నీటి వేడి వేరు, ఆకులు వేరు.

"వాగు చచ్చిపోయింది" అన్న వాక్యాన్ని తప్పకుండా తీసెయ్యి. మందును తట్టుకోలేని జాతులు తగ్గి, తట్టుకునేవి వాటి చోటును ఆక్రమించినప్పుడు, ఆకు కుళ్లే వేగం పెద్దగా మారకపోవచ్చు కూడా. జాతులు తగ్గడం ఒక నష్టం, పని మందగించడం మరొకటి. రెంటినీ విడివిడిగా చెప్పు.

"బూజు సగానికి తగ్గింది" అని రాసిన చోట దాన్ని ఏ కొలతతో తేల్చారో చూడు. ఆకు మీద ఎంత బూజు ఉందో సాధారణంగా ఎర్గోస్టెరాల్‌ను కొలిచి అంచనా వేస్తారు. మందు దెబ్బ కొట్టేది ఆ ఎర్గోస్టెరాల్ తయారీనే అయినప్పుడు, అంకె తగ్గినంత మాత్రాన బూజు కూడా అంతే తగ్గిందని అనలేం.

ఆకు కుళ్లడంలో ఎవరి పని ఎంతో తేల్చడానికి ఒక దారి ఉంది: సన్న కన్నుల జాలీ సంచిలో ఆకులు పెట్టి వాగులో ఉంచితే గమారస్ లోపలికి రాలేదు, కనుక అక్కడ జరిగేది సూక్ష్మజీవుల పని మాత్రమే. పెద్ద కన్నుల సంచిలో ఇద్దరి పనీ కలిసి ఉంటుంది. ఈ రెండు సంచుల తేడాను నీ వ్యాసం మూడో పేరాలో చేర్చి మళ్లీ పంపు. దసరాలోగా చదివి జవాబు రాస్తాను.