కథలు రాసేవారికి గేముల్లో చోటుందా?

ప్రశ్న: డిగ్రీలో సాహిత్యం చదువుతున్నాను. ఓ పాత్రగా మారి కథని నడిపించే రోల్ ప్లేయింగ్ గేములంటే ప్రాణం. కత్తులు, కోటలు లేని ఓ గేముకి కథ రాసి పెట్టుకున్నాను. నాకు కోడింగ్ రాదు. అది రాకుండా ఈ రంగం జోలికి వెళ్లొద్దని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లొచ్చు. కానీ కథ ఒక్కటే చేతపట్టుకుని వెళ్తే మీవాళ్ల భయమే నిజమవుతుంది. ఎందుకంటే, నాకెంతో ఇష్టమైన ఒక గేము పుట్టిన తీరు చూడండి.

1994 ఆగస్టులో జపాన్‌లో 'మదర్ 2' వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో 'ఎర్త్‌బౌండ్' పేరుతో విడుదలైంది. అందులో హీరో బేస్‌బాల్ బ్యాటు పట్టిన పిల్లాడు. అతని స్నేహితురాలి ఆయుధం పెనం. ఆట సేవ్ చేయాలంటే నాన్నకి ఫోన్ చేయాలి. దెబ్బ తగిలితే ప్రాణాల అంకె ఒక్కసారిగా పడిపోదు, మీటరులా తిరుగుతూ తగ్గుతుంది. అది సున్నాకి చేరేలోపు పోరు గెలిస్తే బతికిపోతాం. ఆ కొద్ది క్షణాల ఉత్కంఠ నాకిప్పటికీ అబ్బురమే!

దీని సృష్టికర్త షిగెసాతో ఇతోయి ప్రోగ్రామర్ కాదు, ప్రకటనలు రాసే కాపీరైటర్. మొదటి 'మదర్' ఆలోచనతో జపాన్ గేముల కంపెనీ నింటెండోకి వెళ్తే అక్కడి గేమ్ డిజైనర్ షిగెరు మియామోతో వెంటనే ఔననలేదు. ఇతోయి పేరున్న మనిషి కదా, పేరిచ్చి తప్పుకుంటారా, కూర్చుని పనిచేస్తారా అన్నది మియామోతో సందేహం. ఇతోయి ఆ రోజు రైల్లో ఏడ్చుకుంటూ ఇంటికెళ్లారు. తర్వాత నిజంగానే కూర్చున్నారు. మదర్ 2లో మాటలు ఆత్మీయంగా వినిపించాలని చైనా లిపి నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు వదిలేసి మొత్తం ఉచ్చారణని బట్టి రాసే కానా లిపిలోనే రాశారు.

అంత శ్రద్ధ పెట్టినా, ఏళ్లు గడిచాక పని చిక్కుపడి ఆగిపోయే స్థితికొచ్చింది. అప్పుడు హాల్ లాబొరేటరీ అనే గేముల కంపెనీ నుంచి ప్రోగ్రామర్ సతోరు ఇవాతా వచ్చారు. ఉన్నదాన్నే సరిచేస్తూ పోతే రెండేళ్లు పడుతుందని, మొదటినుంచి కట్టుకొస్తే అరఏడు చాలని చెప్పారు. ముందుగా మిగతావాళ్లు పనిచేసుకోవడానికి టూల్స్ తయారుచేసి ఇచ్చారు. రాత ఎంత గొప్పదైనా దాన్ని ఆడించేవాళ్లు లేకపోతే ఆ గేము మనదాకా వచ్చేది కాదు.

మీరు ఇవాతా కానక్కర్లేదు. ఆయనలాంటి మనిషితో మాట్లాడగలిగేంత తెలిస్తే చాలు. కేవలం కథలు రాయడానికే మనిషిని తీసుకునే స్టూడియోలు తక్కువ. క్వెస్టులు, అంటే ఆటగాడు పూర్తిచేయాల్సిన పనులు అల్లడం, సంభాషణల్ని ఆటలో అమర్చడం, పరీక్షించడం కూడా వచ్చినవారికి దారి దొరుకుతుంది. అందుకని పెద్ద కథ పక్కన పెట్టండి. చదువుతూ ఆడే కథల గేములు తయారుచేసే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడింగ్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. దాంట్లో ఒక ఊరు, ముగ్గురు మనుషులు, ఇరవై నిమిషాల ఆట తయారుచేయండి. సగంలో వదలకండి. పూర్తయ్యాక ముందు మీ ఇంట్లోవాళ్లతోనే ఆడించండి. పక్కనే కూర్చోండి, ఏమీ వివరించకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి.