వాలు దారి, మంచు, ట్రాక్టరు: ఒక యువ రచయిత్రికి లేఖ

కడప

అమ్మాయికి ఆశీస్సులు.

ప్రొద్దుటూరు నుంచి నీవు పంపిన కథ అందింది. రెండుసార్లు చదివాను. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కొండవాలు మీద ఇల్లు కొనుక్కున్న మీ అన్న మొదటి చలికాలమంతా కారును కింద రోడ్డు పక్కనే వదిలేసి, సరుకుల సంచులు మోసుకుంటూ మోకాలి లోతు మంచులో ఇంటికి ఎక్కడం, రెండో చలికాలం రాకముందే అప్పు చేసి ట్రాక్టరు కొనడం తప్పకుండా కథకు తగిన విషయమే. చినుకు కోసం ఆకాశం వైపు చూస్తూ పెరిగిన మనిషి, ఆకాశం నుంచి పడినదాన్ని వాకిట్లోంచి తోసివేయడానికి యంత్రం కొనుక్కోవలసి రావడం మన సీమవాళ్లకు ఇట్టే తగిలే సంగతి. అయితే ఆ కొనుగోలును నీవు ఒక్క వాక్యంలో ముగించావు. "ఎంతో ఆలోచించి ఒక శక్తిమంతమైన ట్రాక్టరును ఎంచుకున్నాడు" అన్నావు. ఆ ఆలోచన ఏమిటో పాఠకుడికి చెప్పలేదు. నా దృష్టిలో నీ కథ ఆ వాక్యంలోనే ఉంది, నీవు దాన్ని దాటి వెళ్లిపోయావు.

రాయడం మొదలుపెట్టక ముందు నేను ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనుల్లో నాలుగేళ్లు ట్రాక్టరు నడిపాను. ఇప్పుడు నీకు చెప్పబోయే మాటల్లో సగం అక్కడ నేర్చినవే. గనిలోంచి రాళ్లు పైకి తెచ్చే దారి నిట్రంగా ఉంటుంది. ఎండాకాలంలో ఆ దారితో ఏ పేచీ ఉండదు. వాన పడిన రోజున రాతిపొడి తడిసి, బండ మీద వెన్న పూసినట్టు తయారవుతుంది. అలాంటి ఒక రోజు ఖాళీ ట్రాలీతో కిందికి దిగుతున్నాను. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మన ట్రాక్టర్లకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు తిరగడానికి అవి విడివిడిగా ఉండాలి, రోడ్డెక్కినప్పుడు మాత్రం రెంటినీ కలిపే కొక్కెం వేయాలి. పొద్దున దున్నకం నుంచి నేరుగా వచ్చిన నేను ఆ కొక్కెం వేయడం మరిచాను. వాలు మధ్యలో వేగం పెరిగినట్టు అనిపించి కాలు వేస్తే ఒక్క పెడలే పడింది. ఒక చక్రం ఆగింది, రెండోది తిరుగుతూనే ఉంది, ట్రాక్టరు అడ్డం తిరిగింది, వెనక ట్రాలీ మడుచుకుని వచ్చి రాళ్ల గుట్టను ఢీకొని ఆగింది. భయంలో క్లచ్ కూడా తొక్కాను. అంటే ఇంజన్ నిలిపే పట్టు కూడా నా చేతులారా వదిలేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి ట్రాక్టరు అనగానే నాకు అది ఎంత లాగుతుందో కాదు, వాలులో ఎలా ఆగుతుందో గుర్తుకు వస్తుంది.

మీ అన్న కూడా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. నీ కథలో అతను హార్స్‌పవర్ గురించి మాత్రమే అడుగుతాడు. నీవు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేసి చూడు. దారి 200 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, అడుగు మందం మంచు అన్నావు. అది దాదాపు 68 ఘనమీటర్లు. అప్పుడే పడిన మంచు ఘనమీటరుకు 100 కిలోలు తూగుతుందనుకున్నా, అక్కడ పరుచుకున్నది దగ్గర దగ్గర 7 టన్నులు. రెండు రోజులు నిలిచి, తడిసి, అణిగితే అదే మందానికి మూడింతలు బరువెక్కగలదు. ఈ బరువును కదిలించడానికి 25 హార్స్‌పవర్ ఉన్న చిన్న ట్రాక్టరు చాలు, ఎందుకంటే అంతా ఒక్కసారి తోయనక్కరలేదు. తేలనిది రెండో లెక్క. ఆ 200 అడుగుల్లో దారి 30 అడుగులు పైకి లేస్తుందన్నావు. ముందు మంచు ఎత్తే బొచ్చె, డ్రైవరు అన్నీ కలిపి 1,200 కిలోలున్న ట్రాక్టరును ఆ వాలు ఎప్పుడూ సుమారు 180 కిలోల బలంతో కిందికి లాగుతూనే ఉంటుంది. నున్నటి గడ్డమంచు మీద రబ్బరు టైరుకు దొరికే పట్టు బరువులో పదో వంతు మాత్రమే, అంటే 120 కిలోలు. ఇంజన్ ఎంత పెద్దదైనా, బ్రేకులు ఎంత కొత్తవైనా, ఆ ట్రాక్టరు అక్కడ నిలవదు. ఈ 60 కిలోల తేడా దగ్గర మీ అన్నను నిలబెట్టి రాయి. అతనికి నిద్ర పట్టని రాత్రి నీకు అక్కడ దొరుకుతుంది.

ఆ పట్టును కాపాడే, పెంచే వస్తువులు ఏమిటో తెలిస్తే అతని ఎంపిక దానంతట అదే సన్నివేశంగా మారుతుంది. మొదటిది నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరు. మన ఊళ్లలో తిరిగేవాటిలో ఎక్కువ భాగం వెనక చక్రాలతో మాత్రమే నడుస్తాయి. నాలుగు చక్రాల విషయం ఎక్కడానికే అనుకుంటారు చాలామంది, కానీ అది దిగడానికే ఎక్కువ అవసరం. ట్రాక్టరుకు మామూలుగా బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు బొచ్చె నిండా మంచు ఎత్తుకుని వాలులో దిగుతుంటే బరువంతా ముందుకు వాలి, వెనక చక్రాలు తేలికై, బ్రేకు వేసినా అవి ఆగి జారుతాయే తప్ప బండిని ఆపవు. నాలుగు చక్రాల లీవరు వేసి ఉంటే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి కాబట్టి వెనక బ్రేకు ముందు చక్రాలను కూడా పట్టి ఉంచుతుంది. బరువు అలా ముందుకు వాలుతుంది కాబట్టే బొచ్చెను నేలకు జానెడు ఎత్తులోనే ఉంచాలి, వెనక ఏదైనా బరువు కట్టాలి.

బరువు అన్నాను కాబట్టి ఒక సంగతి చెబుతాను, ఇది నీ కథకు బంగారం లాంటిది. మనవాళ్లు చక్రం పట్టు తప్పి ఊరికే తిరగకుండా వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. మీ నాన్నగారి తరం రైతునెవరిని అడిగినా చెబుతారు. మీ అన్న చిన్నప్పుడు ఇది చూసే ఉంటాడు. వెర్మాంట్‌లో అదే పని చేస్తే జనవరిలో ఆ నీళ్లు టైరు లోపలే గడ్డకడతాయి. అక్కడ కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లో, చలికి గడ్డకట్టని మరో ద్రవమో నింపుతారు. ఊరి జ్ఞానం అక్కడికి వెళ్లి సగం పనికొచ్చి సగం పనికిరాకుండా పోవడం ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ దొరుకుతుంది? నీవు మూడు పేజీల్లో పరాయితనం గురించి రాసిన మాటలన్నీ తీసివేసి, టైరు వాల్వు దగ్గర వంగి నీళ్ల పైపు పట్టుకుని ఆగిపోయిన మనిషిని చూపించు.

టైర్ల రకం కూడా తెలుసుకో. మన దుక్కి ట్రాక్టరుకు ఉండే లోతైన గీతల టైరు మెత్తటి మంచులో దిగబడి పట్టు తెచ్చుకుంటుంది, గట్టిపడిన మంచు మీద దాని దిమ్మలు కొద్దిచోటే ఆనుతాయి కనుక అది జారుతుంది. పచ్చిక మైదానాలకు వాడే చిన్న చిన్న గాడుల టైరు అణిగిన మంచు మీద దానికన్నా నయం. గాజులాంటి గడ్డమంచుకు ఏ రబ్బరూ పనికిరాదు, చక్రాలకు ఇనుప గొలుసులు వేయాల్సిందే. వాలు దారి ఉన్నవాడు గొలుసులకు డబ్బు దాచుకోకుండా పెద్ద ఇంజన్ కొంటే ఆ డబ్బు మంచులో పోసినట్టేనని నా గట్టి అభిప్రాయం.

గేరు విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. మంచు తీసే పని అంతా ముందుకూ వెనక్కూ కదలడమే. ప్రతిసారీ క్లచ్ తొక్కి గేరు మార్చే బండి కన్నా, కాలు నొక్కితే కదిలి కాలు ఎత్తితే నెమ్మదించే హైడ్రోస్టాటిక్ బండి ఈ పనికి నప్పుతుంది. ఎర్రగుంట్ల గనిలో నేను క్లచ్ తొక్కి చేసిన తప్పుకు అందులో చోటు లేదు.

ఇక మంచును ఎక్కడికి పంపాలి? నీ కథలో అతను బ్లేడుతో పక్కకు తోస్తాడు. డిసెంబరులో అది సరే. ఫిబ్రవరి నాటికి దారికి రెండు వైపులా గోడలు లేస్తాయి, తోయడానికి చోటుండదు. అప్పుడు మంచును లోపలికి లాగి దూరంగా విసిరే బ్లోయరు కావాలి. వెనక తగిలించేదైతే అది మన రోటవేటరును తిప్పే పీటీవో ఇరుసుతోనే, అంటే ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసుతోనే, నిమిషానికి 540 చుట్ల వేగంతో తిరుగుతుంది. వెనక తగిలిస్తే మెడ తిప్పుకుని వెనక్కి నడపాలి, ముందు తగిలిస్తే ఖర్చు ఎక్కువ. రాయి తగిలితే లోపలి గేర్లు విరగకుండా ఒక చిన్న బోల్టు ముందుగా తెగిపోయేలా అమర్చి ఉంటుంది. దారి కంకరదైతే ఆ బోల్టులు జేబులో ఉండాలి. తడి మంచు గొట్టంలో ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, కర్రతోనే తీయాలి. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న వాళ్లను మనం చూశాం కదా, ఆ భయం నీకు కొత్తగా నేర్పనక్కరలేదు.

మహీంద్రా పేరు చూసి అతను షోరూమ్‌లో ఆగిపోయే చోటు నాకు చాలా నచ్చింది, దాన్ని తీసేయకు. ఆ సంస్థ 1994 నుంచి అమెరికాలో ట్రాక్టర్లు అమ్ముతోంది కాబట్టి అది నమ్మదగిన చోటే. కాకపోతే ఆ పేరు చూసి కొన్నాడని రాయకు. పేరు చూసి ఆగాడని, వంగి టైర్లు చూశాడని రాయి.

మరొక ముఖ్యమైన మాట, భాష గురించి. నీ కథలో "మంచు" అన్న పదం ముప్పై ఒక్కసారి వచ్చింది. ప్రొద్దుటూరులో మంచు కురిసిందంటే తెల్లవారుజామున శనగ చేలో ఆకు తడవడం, బస్సు లైట్లు వేసుకుని రావడం. వెర్మాంట్‌లో పొడి మంచు చీపురుకు లేచిపోతుంది, తడి మంచు పారను వంచుతుంది, పగలు కరిగి రాత్రి బిగిసిన గడ్డమంచు మనిషిని పడేస్తుంది, ఊరి మంచు తోసే లారీ రోడ్డు మీద నుంచి తోసి నీ వాకిలికి అడ్డంగా వదిలిపెట్టే గట్టు మంచు బ్లేడుకు కూడా లొంగదు. వీటన్నిటికీ ఒకే మాట వాడితే పాఠకుడికి శనగ చేనే కనబడుతుంది. కొత్త పదాలు కల్పించమని అనడం లేదు. ప్రతిచోటా అది ఏం చేస్తోందో చెప్పు, చాలు. "పూల వాన" అన్న పోలికను మాత్రం కొట్టివేయమని అడుగుతున్నాను. తెల్లవారి నాలుగు గంటలకు, ఉద్యోగానికి వెళ్లేలోగా దారి తెరవాలని ట్రాక్టరెక్కిన మనిషికి అది పూలుగా కనబడదు.

ఈ ఆదివారం మీ అన్నతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కొన్ని సంగతులు అడుగు. ఆ దారిలో పైనుంచి కిందికి తోస్తాడా, కింది నుంచి మొదలుపెడతాడా? చలికి డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోయిన రోజు ఉందా, ఉంటే ఏం చేశాడు? మొదటిసారి ట్రాక్టరు తన మాట వినకుండా కిందికి జారినప్పుడు అతని కాలు ఏ పెడల్ మీద ఉంది? మూడో ప్రశ్నకు అతను వెంటనే జవాబు చెప్పకపోతే తొందరపెట్టకు, చెప్పేదాకా ఆగు. అతను చెప్పిన మాటలను చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాతే రెండో ప్రతి మొదలుపెట్టు. దాన్ని కూడా నాకు పంపు.

ఆశీస్సులతో.