నాన్నగారి తుపాకి వారసత్వంగా వస్తుందా? ఖాళీ తూటాలు మళ్లీ నింపుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకికి లైసెన్సు ఉండేది. ఆయన నాలుగు నెలల క్రితం కాలం చేశారు. తుపాకి, ముప్పై దాకా తూటాలు అమ్మ ఉండే ఇంట్లో బీరువాలో ఉన్నాయి. అటక మీది ట్రంకుపెట్టెలో పేల్చేసిన ఖాళీ తూటాలు, వాటిని మళ్లీ నింపే చేతి మిషను, ఒక డబ్బాలో తుపాకి మందు, సీసపు గుండ్లు దొరికాయి. నేను వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. తుపాకి నాకు వారసత్వంగా వచ్చినట్టేనా? తూటాల ధర ఎక్కువ, ఖాళీవి నింపుకుంటే సరిపోతుందని మా బాబాయి కొడుకు అంటున్నాడు, చట్టం ఒప్పుకుంటుందా? ఇవన్నీ ఇంట్లో ఎలా భద్రపరచాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఆగే ప్రశ్న కాదు. ఈ తుపాకిని ఇంట్లో ఎలా భద్రపరచాలన్నదానికి ఇవాళ్టికి జవాబు ఒక్కటే: ఇంట్లో ఉంచకూడదు. మీకు లైసెన్సు వచ్చేదాకా అది ఉండాల్సిన చోటు పోలీస్ స్టేషన్ గానీ, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ.

తండ్రి పోతే పొలం పిల్లలకు వచ్చినట్టే తుపాకి కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. సగం నిజమే. ఆస్తిగా దాని మీద హక్కు మీకూ, అమ్మగారికీ, తోబుట్టువులుంటే వారికీ వస్తుంది. కానీ దాన్ని దగ్గర ఉంచుకునే అనుమతి నాన్నగారి పేరు మీద, ఆయనకు మాత్రమే ఇచ్చినది. ఆయనతోపాటే అది ముగిసింది. 1959 నాటి ఆయుధాల చట్టం సొంతదారు ఎవరని అడగదు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషికి లైసెన్సు ఉందా అని అడుగుతుంది. ఈ లెక్కన ఇవాళ చిక్కులో ఉన్నది మీరు కాదు, బీరువా తాళంచెవి కొంగున కట్టుకున్న మీ అమ్మగారు. ఉత్తరం చదువుతుంటే నాకు కంగారు కలిగించింది అదే.

ఏ కారణం చేతనైనా ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర జాప్యం లేకుండా డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. చేయకపోవడం 25వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష రెండేళ్ల జైలు, గరిష్ఠం అయిదేళ్లు, పైగా జరిమానా. ప్రత్యేక కారణాలు రాసి కోర్టు తగ్గించవచ్చు. నాలుగు నెలలు గడిచాయి కదా అని బెంబేలెత్తకండి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం తనంతట తానే వచ్చి అప్పగిస్తే ఆ జాప్యాన్ని అర్థం చేసుకోవడం ఏ అధికారికీ కష్టం కాదు. పైగా లైసెన్సు లేకుండా ఉంచుకున్నారన్న కేసు నడపాలంటే 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. అయితే ఈ సానుభూతి మీరు వెళ్లి చెప్పినంతవరకే. ఎవరో ఫిర్యాదు చేసి పోలీసులు ఇంటికి వచ్చాక అదే కథ చెబితే దాని విలువ వేరు.

అప్పగించడంలోనూ ఒక మెలిక ఉంది. తుపాకిని గోనెసంచిలో చుట్టి బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్లాలనుకుంటారేమో, అలా చేయకండి. మరమ్మతుకో, లైసెన్సు పునరుద్ధరణకో ఇతరులు ఆయుధాన్ని మోసుకెళ్లే వెసులుబాటు 3వ సెక్షన్‌లో ఉన్నమాట నిజమే. అది లైసెన్సుదారు ఎదుట, లేదా ఆయన రాతపూర్వక అనుమతితో చేసేది. లేని మనిషి అనుమతి ఇవ్వలేడు కదా. దారిలో తనిఖీ జరిగితే లైసెన్సు లేకుండా ఆయుధంతో తిరుగుతున్న మనిషిగానే మీరు కనిపిస్తారు. అందుకని ముందు కాగితం కదలాలి, తర్వాత తుపాకి. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు అమ్మగారి పేరుతో ఒక ఉత్తరం రాయండి: లైసెన్సుదారు మరణించిన తేదీ, లైసెన్సు నంబరు, తుపాకి వివరాలు, తూటాల సంఖ్య, అటక మీద దొరికిన వస్తువుల జాబితా, వీటిని స్వాధీనం చేసుకోవడానికి సిబ్బందిని పంపమన్న అభ్యర్థన. మరణ ధ్రువపత్రం జతచేయండి. నకలు లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే మీ ప్రాంతాన్ని బట్టి కలెక్టరుకో పోలీసు కమిషనరుకో పంపండి. రెండు చోట్లా అందినట్టు ముద్ర వేయించుకోండి.

సిబ్బంది వచ్చినప్పుడు తుపాకిని వారే తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని చూసుకోనివ్వండి. మీరు చేయి వేయవద్దు. ఇక రసీదు. "ఒక తుపాకి, కొన్ని తూటాలు" అని రాసిన రసీదుకు విలువ లేదు. తయారీదారు పేరు, బోరు, నంబరు, తూటాల లెక్క, తుపాకి స్థితి, అన్నీ రాయించుకోండి. లైసెన్సు పుస్తకంలోని నంబరును తుపాకి మీద చెక్కిన నంబరుతో అంకె అంకె సరిచూడండి. పాత తుపాకుల మీద నంబరు అరిగిపోయి మూడు ఎనిమిదిలా, ఒకటి ఏడులా కనిపిస్తుంది. ఆ తేడా ఇవాళ ఎవరికీ పట్టదు, రెండేళ్ల తర్వాత మీ దరఖాస్తు పరిశీలించే గుమాస్తాకు మాత్రం అదొక్కటే కనబడుతుంది. ఫొటోలు కూడా తీసి ఉంచండి.

స్టేషనా, డీలరా అంటే నేను డీలరు వైపే మొగ్గుతాను. స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు పెట్టే గదిలో, ఆయుధం పోదు గానీ, దానికి నూనె రాసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక వానాకాలం గడిస్తే గొట్టం లోపల తుప్పు పడుతుంది. డీలరు రుసుము తీసుకుంటాడు, బదులుగా తుడిచి పెడతాడు. కాకపోతే అతని లైసెన్సులో ఇతరుల ఆయుధాలు భద్రపరిచే అనుమతి ఉందో లేదో చూసుకోండి, తరలింపు కూడా అధికారికి తెలిపే చేయండి. ఎక్కడ పెట్టినా గడువు సంగతి మరిచిపోవద్దు. డిపాజిట్ చేసిన ఆయుధాన్ని నిర్ణీత గడువులోగా చట్టబద్ధంగా వెనక్కి తీసుకోకపోయినా, అర్హుడైన వ్యక్తికి అమ్మకపోయినా, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వపరమవుతుంది.

ఇప్పుడు మీ బాబాయి కొడుకు సలహా. ధర తేడా గురించి ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఒక వ్యక్తికి ఇచ్చే మామూలు లైసెన్సు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడానికి. తూటాలు తయారు చేయడం 5వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. దానికి వేరే లైసెన్సు కావాలి. ఖాళీ తూటాలో కొత్త క్యాపు (మందును అంటించే చిన్న బిళ్ల) పెట్టి, మందు, గుండ్లు పోసి మూతి మూస్తే పేలే తూటా ఒకటి కొత్తగా పుట్టింది. అది తయారీ కాదని ఏ కోర్టులోనైనా వాదించగలనన్న ధైర్యం నాకు లేదు. 5వ సెక్షన్ ఉల్లంఘనకు 2019 సవరణ తర్వాత శిక్ష ఎంతో తెలుసా? కనీసం ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. కొన్ని తూటాల ఖర్చు మిగుల్చుకోవడానికి ఆ సెక్షన్ దరిదాపులకు వెళ్లడం ఏ లెక్కన తెలివైన పనో మీ తమ్ముణ్నే అడగండి.

నింపకపోయినా సరే, ఆ సామగ్రి ఉండటమే ఒక సమస్య. తూటాలు అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం మనం వాడే అర్థం కంటే చాలా పెద్దది. తుపాకిలో వాడే మందు మోతాదులు, వాటి అనుబంధ వస్తువులు, తూటాల భాగాలు, చివరకు తూటాలు తయారు చేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే అటక మీది చేతి మిషను చట్టం కళ్లకు ఇనుప సామాను కాదు, అదీ తూటాల కిందే లెక్క.

ఇక్కడ ఒక మినహాయింపు గురించి చెప్పాలి, ఎందుకంటే మీకు ఎవరో ఒకరు దాన్ని చూపించి ధైర్యం చెబుతారు. 45వ సెక్షన్ ప్రకారం, ఆయుధాల, తూటాల చిన్న చిన్న భాగాలకు చట్టం వర్తించదు. కానీ ఒక షరతు ఉంది. ఆ భాగాలను పూర్తి చేసే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు, ఆ మిగతా భాగాలు మీ దగ్గరున్నా, ఇంకొకరి దగ్గరున్నా. షోకేసులో జ్ఞాపకంగా పెట్టుకున్న రెండు ఖాళీ తూటాలకు ఈ రక్షణ దొరకవచ్చు. అవే ఖాళీ తూటాలు మందు డబ్బా, సీసపు గుండ్లు, నింపే మిషనుతో కలిసి ఒకే ట్రంకుపెట్టెలో ఉంటే ఉద్దేశం గురించి వేరే సాక్ష్యం అక్కరలేదు, ఆ పెట్టే సాక్ష్యం.

ఆయుధం మన దగ్గర ఉందన్న ఎరుక లేనిదే నేరం లేదన్నది కోర్టులు స్థిరంగా చెబుతున్న మాట. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. విమానాశ్రయంలో పాత సంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటా బయటపడి కేసులో ఇరుక్కున్నవారికి హైకోర్టులు ఊరట ఇచ్చింది ఈ ఆధారంతోనే. నాన్నగారి పెట్టెలో ఏముందో మొన్నటిదాకా మీకు తెలియదు, ఆ రక్షణ మీకుండేది. పెట్టె తెరిచి, చూసి, నాకు ఉత్తరం రాశాక ఇక తెలియదనలేరు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఈ వారంలోనే కదలండని చెప్పడానికి.

తుపాకి మందు విషయంలో చట్టం ఇక్కడితో ఆగదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నిబంధనలు ఉండనే ఉన్నాయి. అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం దగ్గర ఉంచుకోవడంపై 1908 నాటి మరో చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచి మామూలు జాగ్రత్త చెబుతాను: ఆ డబ్బా మూత తిప్పకండి, ఎండలో పెట్టకండి, పెరట్లో తగలబెట్టి వదిలించుకుందామనుకోకండి, బావిలో కలపకండి. ఎంత పాతదో, ఏ రకం మందో మీకు తెలియదు. ఉన్నచోటనే ఉంచి, ఉత్తరంలో స్పష్టంగా రాసి, తొలగించే పని పోలీసులకు వదిలేయండి. పాత తూటాలను "పనిచేస్తున్నాయో లేదో చూద్దాం" అని పేల్చి చూడటం కూడా వద్దు. అడుగున పచ్చని చిలుము పట్టిన తూటా పేలవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు, మీరు తుపాకి విప్పుతున్నప్పుడు పేలవచ్చు.

గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి పంట రక్షణ కోసం లైసెన్సు తీసుకున్న రైతులు ఇది చదివి కంగారుపడవద్దు. మందు కూరడమే ఆ తుపాకిని వాడే పద్ధతి. వారు తమ లైసెన్సులో రాసిన పరిమాణం మించకుండా చూసుకుంటే చాలు.

తుపాకి మీ పేరు మీదికి రావాలంటే వారసుడిగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. 2016 ఆయుధాల నిబంధనల్లో చట్టబద్ధ వారసులకు దారి ఉంది. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. వారసత్వ ధ్రువపత్రం, అమ్మగారు, తోబుట్టువులు ఇచ్చే నిరభ్యంతర అఫిడవిట్లు, ఆయుధ భద్రతా శిక్షణ పొందినట్టు పత్రం, సురక్షితంగా భద్రపరుస్తానన్న హామీ జతచేయాలి. తర్వాత పోలీసు విచారణ. వేరే ఊళ్లో ఉంటున్నారు కాబట్టి దరఖాస్తు మీ నివాసమున్న చోటి అధికారి దగ్గరకే వెళ్తుంది. ఇప్పటికే మీ పేరున తుపాకులుంటే ఇదీ కలిపి మొత్తం రెండు దాటకూడదు. ఒకప్పుడు మూడు ఉండేది, 2019లో రెండుకు తగ్గించారు, వారసత్వంగా వచ్చినదానికి కూడా మినహాయింపు ఇవ్వలేదు. లైసెన్సు వస్తే కాలపరిమితి అయిదేళ్లు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. ఆయుధాల చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఇంతకీ మీకు తుపాకి నిజంగా కావాలా? మీ ఉత్తరంలో ఎక్కడా అవసరం కనబడలేదు. అవసరం లేకపోతే డీలరుకు అమ్మేయండి. లైసెన్సున్న మరో వ్యక్తికి అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి స్టేషన్‌కో కొనేవారి వివరాలతో ముందుగా రాసి, కనీసం 45 రోజులు ఆగాలి. తండ్రి జీవించి ఉన్న పాఠకులకు ఒక మాట: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఆయన ఉండగానే వారసుల్లో ఒకరి పేరు మీదికి మార్పించుకోవచ్చు. ఇంత తతంగం తప్పుతుంది.

లైసెన్సు వచ్చి తుపాకి ఇంటికి చేరాక భద్రత గురించి. గోడకు బిగించిన ఇనుప బీరువాలో, తూటాలు తీసేసి, ట్రిగ్గర్‌కు తాళం వేసి పెట్టండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద. తోలు సంచిలో దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, తోలు చెమ్మ పట్టి గొట్టాన్ని తినేస్తుంది. సంచి ప్రయాణానికే. తాళంచెవులు మీ దగ్గరే ఉండాలి. ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టిన తాళంచెవి ఉన్నా లేనట్టే. లైసెన్సులో తూటాలకు రెండు అంకెలు ఉంటాయి, ఒక సమయంలో ఎన్ని ఉండవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు. రెండోది మిగిలి ఉంది కదా అని కొని మొదటిది దాటించేవారు ఎక్కువ. షరతులు మీరితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఆ తుపాకి అరువివ్వమని బంధువులు అడిగే రోజు తప్పక వస్తుంది, ఇవ్వవద్దు.

మీ ఊరు ఏదైనా అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అటవీ శాఖ దగ్గర కూడా మీ పేరు నమోదు చేయించుకోవాలి. నాన్నగారి కాగితాల్లో అలాంటి నమోదు పత్రం ఉందేమో వెతకండి. ఉంటే ఆయన మరణం గురించి వారికీ ఒక ఉత్తరం రాయాలి.