స్విఫ్ట్‌లో ప్రోటోకాల్ దగ్గర ఆగిపోయాను, వదిలేయనా?

ప్రశ్న: గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఐఫోన్ యాప్స్ నేర్చుకుంటానంటే, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే నాన్న వాయిదాల మీద మ్యాక్ కొనిచ్చారు. ఆ యాప్స్ రాసే భాష స్విఫ్ట్‌లో క్లాసుల వరకు బాగానే వచ్చింది. స్క్రీన్ మీద జాబితా చూపించే టేబుల్‌కు యూఐటేబుల్‌వ్యూడేటాసోర్స్ అనే ప్రోటోకాల్ పెడితే 'డజ్ నాట్ కన్‌ఫార్మ్' (ప్రోటోకాల్‌కు తగ్గట్టు లేదు) అనే ఎర్రర్ వారం నుంచి పోవడం లేదు. టెన్షన్‌గా ఉంది. బ్రాడీపేటలో వేరే కోర్సులో చేరనా?

జవాబు: ఇంకో ఫీజు కట్టకండి. మీకు అడ్డుపడింది చిన్న రాయి.

మీ నాన్నగారి పనే తీసుకోండి. గుమాస్తా అన్నాక కాటా తూకం రాయాలి, లెక్క అప్పజెప్పాలి. ఏ పుస్తకంలో, ఎలా రాస్తారన్నది ఆయన ఇష్టం. రాయకపోతే మాత్రం కుదరదు. ప్రోటోకాల్ అలాంటి పనుల జాబితా. మెథడ్ పేర్లు అందులో ఉంటాయి, లోపలి కోడ్ మీ క్లాసు రాయాలి. క్లాసు పేరు తర్వాత కోలన్ పెట్టి, ముందు పేరెంట్ క్లాసు, తర్వాత ప్రోటోకాల్ రాశారంటే ఆ పనులకు ఒప్పుకున్నట్టే. తప్పనిసరి మెథడ్ ఒక్కటి తగ్గినా కోడ్‌ను సరిచూసే కంపైలర్ ఊరుకోదు.

యూఐటేబుల్‌వ్యూడేటాసోర్స్‌లో తప్పనిసరివి రెండే: వరుసలు ఎన్ని, ఏ వరుసలో ఏ సెల్. రెండూ రాసినా ఎర్రర్ పోలేదా? అయితే వాటిని వ్యూడిడ్‌లోడ్ (స్క్రీన్ లోడ్ అయ్యాక నడిచే ఫంక్షన్) బ్రాకెట్ల లోపల రాశారేమో చూడండి. కొత్తవాళ్ల కోడ్‌లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. అక్కడ రాస్తే అవి ఆ ఫంక్షన్ సొత్తు, క్లాసువి కావు. తర్వాత పారామీటర్ లేబుల్స్, రిటర్న్ టైప్ సరిచూడండి. లేబుల్‌లో ఒక్క అక్షరం మారినా అది వేరే మెథడ్.

మీరు కోడ్ రాసే ఎక్స్‌కోడ్‌లో, ఎర్రర్ పక్కన 'ఫిక్స్' నొక్కితే ఖాళీ మెథడ్స్ వాటంతటవే వస్తాయి. మొదటి నెల అది ముట్టుకోకండి, చేత్తోనే టైప్ చేయండి.

ఎర్రర్ పోయి, టేబుల్ మాత్రం ఖాళీగా కనిపిస్తే టేబుల్ డేటాసోర్స్‌కు సెల్ఫ్ (అంటే ఈ క్లాసునే) ఇవ్వడం మర్చిపోయి ఉంటారు. గుమాస్తాకు పని వచ్చు, కానీ అతన్ని ఏ కొట్లోనూ కుదర్చలేదన్నమాట.

ఈ కష్టం వృథా పోదు. స్విఫ్ట్ ప్రోటోకాల్స్ మీద నిలిచిన భాష అని 2015లో ఆపిల్ తన డెవలపర్ల సదస్సులోనే చెప్పింది. ఇంటర్వ్యూల్లో డెలిగేట్ (ఒక ఆబ్జెక్ట్ తన పనిని ఇంకోదానికి అప్పగించే పద్ధతి) గురించి అడుగుతారు, అదీ ప్రోటోకాల్‌తోనే. ఈ ఆదివారం సొంతంగా ఒక ప్రోటోకాల్ రాసి, రెండో స్క్రీన్‌లో టైప్ చేసిన పేరు మొదటి స్క్రీన్‌కు చేరేలా చేయండి. డెలిగేట్ వేరియబుల్ ముందు వీక్ (మెమరీలో పట్టి ఉంచొద్దని చెప్పే మాట) అని పెట్టండి, ప్రోటోకాల్‌కు ఎనీఆబ్జెక్ట్ (క్లాసులకే వర్తిస్తుందనే గుర్తు) జోడిస్తేనే కంపైలర్ దానికి ఒప్పుకుంటుంది.

అప్పటికీ ఎర్రర్ వస్తే క్లాసు మొత్తం కోడ్ పంపండి. ఎర్రర్ ఫోటో ఒక్కటే చూసి బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో చెప్పలేను.