అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో చలికాలం నిజంగా అంత భయంకరంగా ఉంటుందా?

చలి గురించైతే అంత టెన్షన్ అక్కర్లేదు. జనవరిలో కూడా పగటి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఇంకా ఉత్తరాన ఉన్న మినియాపోలిస్ నగరం చలి ముందు ఇదెంత! అసలు సంగతి మంచు. ఏడాదికి సగటున 90 అంగుళాలు దాటుతుంది.

దానికి కారణం పక్కనున్న ఈరీ సరస్సు. నవంబరు, డిసెంబరుల్లో ఆ నీళ్లలో వేసవి వేడి ఇంకా కొంత మిగిలే ఉంటుంది. గడ్డకట్టే చల్లగాలి దాని మీదుగా వస్తూ వేడినీ తేమనీ పీల్చుకుని పైకి లేస్తుంది, మేఘాలు కడుతుంది, ఒడ్డు దాటగానే మంచు కుమ్మరిస్తుంది. గాలి నైరుతి నుంచి వీచిందంటే దాదాపు 390 కిలోమీటర్ల సరస్సు పొడవునా తేమ తాగి వస్తుంది. బఫెలోకి పెద్ద దెబ్బలు ఎక్కువగా అప్పుడే.

విచిత్రం ఏమిటంటే, ఈ మంచు సన్నటి పట్టీలా పడుతుంది. 2022 నవంబరులో నగరానికి దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో దాదాపు 80 అంగుళాలు పడింది. ఉత్తర శివార్లలో మాత్రం చాలా తక్కువ. మనవాళ్లు చాలామంది చదివే యూనివర్సిటీ ఎట్ బఫెలో ప్రధాన క్యాంపస్ ఆ ఉత్తరం వైపు, ఆమ్హర్స్ట్‌లోనే ఉంది. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు ఏ వైపో చూసుకోండి.

ఈరీ లోతు తక్కువ. జనవరి, ఫిబ్రవరుల్లో గడ్డకడితే ఈ రకం మంచు బాగా తగ్గుతుంది. అంటారియో సరస్సు పూర్తిగా గడ్డకట్టడం అరుదు, అందుకే దానికి ఆగ్నేయాన ఉన్న సిరక్యూస్ నగరంలో బఫెలో కన్నా ఎక్కువ మంచు పడుతుంది.

వింటర్ టైర్లు తప్పక వేయించండి. కారు మంచులో కూరుకుపోతే సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజిన్ ఆన్ చేయండి, లేదంటే విషవాయువు లోపలికి వస్తుంది.